బొట్టు పెట్టని పిలుపు

నేనేం పని చేస్తానో ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏటి ఒడ్డు ఊళ్ళకి వరదొస్తే జనం ఎక్కడ తలదాచుకోవాలి, ఏ దారిన అక్కడికి చేరాలి, అంబులెన్సు ఎంతవరకు రాగలదు, ఏ కల్వర్టు ముందు మునుగుతుంది, ఇవన్నీ తిరిగి చూసి పటం మీద గుర్తులు పెట్టడం నా పని. రాజాంలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆవిడ దీన్నంతా విని, "అయితే రోడ్లు కొలుస్తారన్నమాట" అని తేల్చేసింది. నేనూ అవునన్నాను. అంతకంటే వివరంగా చెప్పినా వినేవాళ్ళు లేరు.

మా ఆయన పోయాక హైదరాబాదులో ఉండబుద్ధి కాలేదు. మాకు తెలిసినవాళ్ళంతా జంటలు. మొదట్లో జాలిపడి భోజనానికి పిలిచేవారు, తర్వాత పండక్కి ఫోన్ చేసేవారు, ఆ తర్వాత ఫోన్లో పువ్వుల బొమ్మ పంపేవారు. చీపురుపల్లిలో మా మేనమామ కొడుకు ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం కార్డు కూడా ఫోన్లోనే పంపాడు. ఇంటికి వచ్చి చెప్పలేదేమని అడిగే హక్కు నాకుందో లేదో తెలియక వెళ్ళడం మానేశాను. సరిగ్గా అప్పుడే ఈ పని వచ్చింది. పుట్టి పెరిగిన వైపే కదా అని ఒప్పుకున్నాను. వచ్చాక తెలిసింది, పుట్టిన వైపైనా పలకరించే మనిషి లేకపోతే అదీ పరాయి ఊరేనని.

పొద్దున్నే జీపెక్కితే చీకటిపడే ముందు దిగేదాన్ని. పాతపట్నం వైపు గెడ్డలుంటాయి, కొండల మీంచి దిగే వాగులు. పొద్దున్న మోకాలి లోతు, మధ్యాహ్నానికి మనిషి లోతు, మళ్ళీ సాయంత్రానికి గొర్రెలు దాటతాయి. అక్కడ దారికి గుర్తు పెట్టడమంటే గాలికి గుర్తు పెట్టినట్టే. ఒక ఊళ్ళో పునరావాస కేంద్రం తమ వీధిలోనే కట్టాలని రెండు వీధులవాళ్ళూ నా ముందే పోట్లాడుకున్నారు. రెండు వీధులూ మునిగేవే. ఇంకో ఊళ్ళో రోడ్డు వెడల్పు కొలుద్దామని దిగితే సగం రోడ్డు మీద చోడి కంకులు, సగం మీద నువ్వుల మోపులు. వాటిని ఆరబోసినాయన మా డ్రైవరుతో, "మావా, జీపు ఓ నాలుగుసార్లు ఎనక్కీ ముందుకీ తిప్పు, నూరుపు అయిపోతాది" అన్నాడు. మా డ్రైవరు కిక్కురుమనకుండా తిప్పాడు. నేను లోపల కూర్చుని కోపం తెచ్చుకుందామని చూశాను గానీ నవ్వొచ్చింది. ఆ నవ్వు చెప్పుకోడానికి సాయంత్రం ఇంట్లో ఎవరున్నారు? ఒక్కదానికి వంటేమిటని అటుకులు నానబెట్టుకుని, టీవీ పెట్టుకుని, దాని వంక చూడకుండా తిని పడుకున్నాను.

నేను చెప్పాలనుకున్న ఊరు నాగావళి వంపులో ఉంది. ఊరు రెండు ముక్కలు. బడీ, పెద్ద వీధీ మెట్ట మీద. కింద ఏటి గట్టుకి ఆనుకుని పల్లపు వీధి. రెంటికీ మధ్య గెడ్డ, దాని మీద ఒక కల్వర్టు. ఏరు పొంగితే ముందు మునిగేది ఆ కల్వర్టే. ఇళ్ళలోకి నీళ్ళు రావడానికి చాలా ముందే దారి పోతుంది. అంటే పల్లపు వీధివాళ్ళు నీళ్ళు కనబడకముందే లేచి బడి మేడకి వెళ్ళిపోవాలి. వాకిట్లో నీళ్ళు చూశాక బయల్దేరినవాళ్ళకి ఇక దారి ఉండదు. ఈ ఊరి విషయంలో నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదొక్కటే.

మాకు ఆ ఊళ్ళో తోడుగా ఉన్నది అంగన్‌వాడీ టీచరు. గట్టి గొంతు, గట్టి మనిషి. మొదటిరోజే టీ గ్లాసు చేతికిచ్చి, "మీయాయనేటి సేస్తారు మేడం?" అంది. లేరన్నాను. "అయ్యో, ఓలమ్మ" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ వైపు మనుషులంతే, అడగాల్సింది అడిగేస్తారు, ఏడవాల్సొస్తే మనకంటే ముందు ఏడుస్తారు. నాకది హాయిగానే ఉంది.

వానలు మొదలవక ముందు ఒకసారి ఉత్తుత్తి వరద పెట్టి చూశాం. సైరన్ వేశాం. ఆటోకి మైకు కట్టి పల్లపు వీధంతా తిప్పాం. జనం అరుగుల మీద కూర్చుని ఆటోని చూశారు. ఒక్కరూ కదల్లేదు. నేను వెళ్ళి ఒకాయన్ని, రావడం లేదేమని నిలదీశాను.

"మాకెవులూ సెప్పనేదు కదమ్మా" అన్నాడాయన.

"ఇంతసేపూ మైకులో చెబుతున్నాం కదండీ!"

"మైకు ఊరందరికీ సెప్పినాది. మాకు సెప్పనేదు."

నేను తల పట్టుకుంటే టీచరు నవ్వింది. "ఇలగ పిలిస్తే ఎవులొస్తారు మేడం? పెళ్ళికైనా సావుకైనా గుమ్మంకాడికొచ్చి పిలవాల. మీరుండండి, నాను సూస్తాను."

తర్వాతి వారం ఆమె ఇంకో ముగ్గురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని, పళ్ళెంలో కుంకుమ భరిణె పెట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. "బడి మేడకి వరద పేరంటం, పిల్లల్తో తప్పక రావాల" అంటూ. అంతే. వీధి వీధంతా కదిలింది. కొందరు పట్టుచీరలు కూడా కట్టుకొచ్చారు. పిల్లల్ని ఎత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని, మగవాళ్ళు పశువుల్ని మెట్ట మీదికి తోలుకుంటూ, కల్వర్టు మీద నుంచి బారులు తీరి వచ్చారు. చూడడానికి వచ్చిన అధికారులు మురిసిపోయి ఫోటోలు తీసుకున్నారు. నేను ఇన్ని ఊళ్ళు తిరిగితే ఇంత సంతోషం ఎక్కడా కలగలేదు.

ఆ సంతోషానికి ముందే నాకొక దెబ్బ తగిలింది. పొద్దున్న పిలుపులకి బయల్దేరే ముందు టీచరు బడి వరండాలో ఉన్న ఆడవాళ్ళందరికీ వరసగా బొట్టు పెట్టింది. ఆయాకి, పంచాయతీ ఆఫీసులో పనిచేసే అమ్మాయికి, అధికారుల వెంట వచ్చిన ఇద్దరికి. తర్వాత నేను. కుంకుమ అద్దుకున్న వేలు నా నుదుటి దాకా వచ్చి ఆగింది. నా నుదుటిన చిన్న నల్ల స్టిక్కరుంది. ఆయన ఉన్నప్పుడూ అదే, పోయాకా అదే. కానీ ఆమెకి నేనే చెప్పాను కదా. వేలు పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. "మేడం, టీ తాగుతారేటి?" అంది ఎటో చూస్తూ.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. భార్య పోయిన మా మేనమామకి పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ వేస్తారు, ఆయన నుదుటివంక చూసినవాడు లేడు. టీ వద్దని చెప్పి కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాను.

మేడ మీద జనం నిండాక లోపలికి వెళ్ళి చూశాను. నవ్వులు, కేకలు, పిల్లల గోల. ఒక్కొక్క ముఖమే చూస్తూ వస్తుంటే కాసేపటికి నాకు తెలిసింది, అక్కడున్న ఆడవాళ్ళందరి నుదుటా కుంకుమ ఉంది. అందరికీ ఉంది. కుంకుమ లేని నుదురు నాదొక్కటే. ఊరన్నాక మొగుడు పోయిన ఆడది ఉండకుండా ఉంటుందా? వాళ్ళేరీ?

కల్వర్టు దాటి పల్లపు వీధిలోకి ఒక్కదాన్నీ నడిచాను. అక్కడున్నారు. ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చున్నారు. అందరి వయసూ పెద్దదే కాదు, ఒకామె నాకంటే చిన్నది. వీధి చివర, ఏటి గట్టుకి ఆనుకున్న పెంకుటింట్లో ఒక మామ్మ చాట ముందేసుకుని చింతపండులో పిక్కలు తీస్తోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"నువ్వు రాలేదేం మామ్మా? మైకులో పిలిచాం కదా."

"మైకు ఊరిని పిలిసినాది. నాను ఊరేటి?"

"టీచరుగారు ఇంటింటికీ వచ్చి పిలిచారు కదా."

"మా గడప దాటీసి పక్కింటికెల్లినాది. దాని తప్పేటీ నేదులే. నాలాటిదానికి బొట్టెలగ ఎడతాది?"

"నిజంగా వరదొస్తే?"

"సూద్దుము" అంది. అప్పుడు తలెత్తి నా ముఖం కాసేపు చూసింది. "నీకెట్టినాదేటి?"

"లేదు."

"మరి" అంది మామ్మ. చాట కొంచెం నా వైపు జరిపింది. "కూకో. ఊరికే కూకోడమెందుకు, పిక్కలు తియ్యి."

తీశాను. మేడ మీద నుంచి నవ్వులు అక్కడిదాకా వినబడుతున్నాయి. ఆవిడ నా చేతివంక చూసి "సదువుకున్న సేతులు, పిక్కతోటి పండు కూడా పారేస్తన్నావు" అని తిట్టింది. చాలాకాలానికి ఒక మనిషి పక్కన కూర్చుని ఒకే పని చేశాను. లేచి వచ్చేయాలనిపించలేదు.

సాయంత్రం టీచరుని పక్కకి పిలిచి ఆ గడపలెందుకు దాటేశారని గట్టిగానే అడిగాను. "శుభమాని ఎల్లినప్పుడు..." అని ఆమె నసిగింది. వరదకి శుభమేమిటని కసిరాను. నీళ్ళొస్తే పోయేది ముందు వాళ్ళే కదా అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు తట్టనే నేదు మేడం. మాయమ్మా అలగే ఇంటికాడుండిపోనాది. మాయమ్మని నానే పిలవనేదు" అంది. ఆ మాట విన్నాక ఆమె మీద కోపం నిలబెట్టుకోలేకపోయాను.

మర్నాడు వీధిలో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాం. బొట్టు పెట్టని గడపలకి ఎవరో ఒకరు వెళ్ళి, వరస కలిపి, నోటితో పిలవాలని ఒప్పందం. తన తల్లిని తానే పిలుస్తానంది టీచరు. ఒకరు పెద్దమ్మని, ఒకరు వదినని పిలుస్తామన్నారు. చివరికి ఏటి గట్టు మామ్మ మిగిలింది. ఆవిడకి పిల్లల్లేరు, నోరు పెద్దది, పక్కింటితో మాటల్లేవు. పిలుస్తామన్నవాళ్ళు లేరు, పిలవబోమన్నవాళ్ళూ లేరు.

"నేను పిలుస్తాను" అన్నాను.

"మీరు రాజాంలో ఉంటారు కదా మేడం, ఏరొచ్చేసరికి మీరెలగొస్తారు?" అని నవ్వారు. మామ్మ నవ్వలేదు. దూరంగా కూర్చునే వింది.

ఈ సంగతంతా పైవాళ్ళకి చెప్పాను. ప్రతి ఊళ్ళో ఒంటరి మనిషి గడపకి వెళ్ళి పిలిచే మనిషెవరో కూడా ప్రణాళికలో ఉండాలన్నాను. "మేడం, మనది రోడ్లు, బిల్డింగులు. ఇది ఏ గళ్ళో రాస్తాం?" అన్నాడు మా పెద్దాయన. కొత్త గడి కట్టండి, గీత గీయడానికి ఏం పోయిందన్నాను. చూద్దామన్నాడు. ఆఫీసుల్లో చూద్దామంటే ఏమిటో నాకు తెలుసు.

వానలు పట్టాక ఒకరోజు పొద్దున్న ఒడిశా కొండల్లో బాగా కురుస్తోందనీ, పైన బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారనీ తెలిసింది. నాకు ముందు కళ్ళలో మెదిలింది ఆ కల్వర్టు. డ్రైవరుకి ఫోన్ చేశాను. "ఈ వానలోన జీపెల్దు మేడం" అంటూనే వచ్చాడు. ఊరికి కాస్త ఇవతలే రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయి. జీపు అక్కడ వదిలేసి, గడ్డి దించి వస్తున్న ఒక ట్రాక్టరుని ఆపి ఎక్కాం.

మేం చేరేసరికి పల్లపు వీధి దాదాపు ఖాళీ. కల్వర్టు మీద నీళ్ళు చీలమండల దాకా పారుతున్నాయి. టీచరు తల్లిని చెయ్యి పట్టుకుని దాటిస్తూ నన్ను చూసి అరిచింది. "మేడం! ఆ మామ్మ రాను పొమ్మంటన్నాది! నాను రెండుసార్లు ఎల్లి పిలిసినాను. మేడం పిలుస్తానన్నాది, మేడమొస్తేనే కదుల్తానని కూకున్నాది!"

వీధిలో పరిగెత్తడానికి లేదు, బురద. ట్రాక్టరుని వెనక రమ్మని చెప్పి నడిచాను. చివరి ఇంటి మెట్టుకి నీళ్ళు తగిలాయి. మామ్మ గడప మీద కూర్చునుంది. ఇల్లు సర్దుకుంది, తలుపు గొళ్ళెం పెట్టుకుంది. ఒళ్ళో మూట, మూట మీద చింతపండు ముద్ద కట్టిన కవరు. పొద్దుటినుంచీ అలాగే ఉన్నట్టుంది.

"ఆలీసం సేసినావు" అంది.

"నీకేమైనా మతుందా మామ్మా? టీచరు పిలిస్తే వెళ్ళకూడదూ? లే, నీళ్ళొచ్చేస్తున్నాయి, లే!"

"అలగ కాదు" అంది కదలకుండా. "పిలువు."

ట్రాక్టరు ఆయన వెనక నుంచి హారను కొడుతున్నాడు. నీళ్ళు రెండో మెట్టు ఎక్కుతున్నాయి. కొంగు పిండుకుని, ఆవిడ గుమ్మానికి ఎదురుగా సరిగ్గా నిలబడ్డాను. నా పెళ్ళికి మా అమ్మ ఇంటింటికీ వెళ్ళి ఎలా పిలిచిందో గుర్తు చేసుకున్నాను.

"మామ్మా, బడి మేడకి రమ్మని పిలవడానికొచ్చాను. నువ్వు తప్పక రావాలి."

మామ్మ ముఖం విచ్చుకుంది. "అలగే తల్లీ, ఎందుకు రాను" అని, మూట నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని లేచింది.

మేం దాటిన కాసేపటికి కల్వర్టు కనబడకుండా పోయింది. నాకూ రాజాం వెళ్ళే దారి లేదు. మేడ మీద పల్లపు వీధంతా ఉంది. మామ్మ ఒక గోడ వార చాప పరుచుకుని, నన్ను చూసి, "నువ్వెక్కడ తొంగుంటావు?" అంది. నేను ఆఫీసు మనిషిని, కింద గదిలో కుర్చీ ఉందన్నాను. "ఆఫీసేటి, తడిసిపోయున్నావు, ఇలగ రా" అని సగం చాప వదిలింది. వచ్చినవాళ్ళని రాసుకునే అమ్మాయి మా దగ్గరికొచ్చి, "మామ్మా, నీతో ఎవరొచ్చారు?" అని అలవాటుగా అడిగింది. "ఇదొచ్చినాది" అంది మామ్మ నన్ను చూపించి. ఆ అమ్మాయి నవ్వి రాసేసుకుంది. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

నీళ్ళు తీశాక ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. మామ్మ ఇల్లు ఒక గోడ కూలింది, వీధివాళ్ళే మట్టి తొక్కి కట్టారు, ఆవిడ వాళ్ళని తిడుతూనే కట్టించుకుంది. నేను రాజాం వచ్చేశాను. ప్రణాళిక పూర్తి చేసి ఇచ్చాను. గడప దగ్గర పిలిచే మనిషి గడి అందులో లేదు. నా పని అయిపోయింది. తిరిగి హైదరాబాదు వెళ్ళడానికి కారణం కనబడలేదు, రాజాంలో ఉండడానికీ లేదు. ఇలాగే ఉండిపోయాను. ఓనరు ఆవిడ "ఇంకా రోడ్లు ఉన్నాయేమిటండీ కొలవడానికి?" అంటే ఉన్నాయన్నాను.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. అటుకులు నానబోసి, టీవీ పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. టీచరు. "ఉండండి మేడం, మామ్మ మాటాడతాదంట" అంది. ఎందుకోనని లేచి నిలబడ్డాను.

"ఏటే" అంది మామ్మ, ఫోను నోటికి దూరంగా పట్టుకుని అరుస్తున్నట్టు. "మబ్బేసినాది. బేగి ఒచ్చీ."

"నీళ్ళొస్తున్నాయా మామ్మా? గేట్లు ఎత్తారా?"

"ఇంకా నేదు. నువ్వు ఒచ్చీ."

"నాకేం భయం లేదు మామ్మా. రాజాం మెట్ట మీదుంది, ఇక్కడికి నీళ్ళు రావు."

"నీళ్ళ మాట కాదు. నిన్నెవులైనా పిలిసినారేటి?"

"లేదు మామ్మా" అన్నాను.

"నాను పిలుస్తన్నాను. తప్పక రావాల."

అలాగే మామ్మా, ఎందుకు రాను అన్నాను. టీవీ ఆపి, గొడుగు తీసుకుని, తలుపుకి తాళం వేసి బస్టాండు వైపు నడిచాను. అటుకులు గిన్నెలో అలాగే ఉండిపోయాయి.